గాయకుల సభావేషము

సంగీతము చెవులకు సంబంధించిన విద్య యని యందఱు నెఱిగినదే. అయినను గాయకుడు వేదికపై గూర్చుండి శ్రుతి సరిచేసికొనుచుండగనే సభ్యులు కన్నులతో నాతనిని తూచి ముగింతురు. తలపాగ యున్నదా, జుట్టు ముడి వేసెనా, కత్తిరించుకొనెనా, పంచె యంచు ఎంత వెడల్పు, గాయకురాలైనచో చీర యేయూరి నేత, చెవులకు మెఱయునవి రవ్వలా, ఉత్త రాళ్ళా, ఇవి యన్నియు రాగాలాపన మారంభము కాకమునుపే తేలిపోవును. ఈ తూకమును మనము సహజమనుకొందుము. కాని యే వేషము సభకు దగినదో, ఏది తగనిదో నిర్ణయించినది ఎవరు? ఆ నిర్ణయము పాడువానిదా, ధన మిచ్చువానిదా, కులాచారముదా, లేక సంస్కారము గోరిన మనదా? దక్షిణదేశపు సంగీతచరిత్రను ఈ ప్రశ్నతో చదివినచో కొన్ని సంగతులు మనకు సంతోషము గలిగించును. కొన్ని మనలను తల వంచుకొనునట్లు చేయును.

మొదట మన శ్రీనాథుని తలచుకొందము. ఆయన గాయకుడు కాడు. కాని రాజసభలో విద్య జూపి బహుమానము బడయవలసిన వారి స్థితి కవికిని గాయకునికిని ఒక్కటియే. ప్రౌఢదేవరాయలు (1424–1446) విద్యానగరము నేలుచుండిన కాలమున శ్రీనాథుడు అచటికి బోయెననియు, సభాప్రవేశమునకై పడరాని పాట్లు పడెననియు చెప్పుదురు. ఆ సందర్భమున ఆయన చెప్పెనని ప్రసిద్ధికెక్కిన చాటువులో, తలపై కుళ్ళాయి పెట్టుట, నిడుపాటి కూర్పాసము తొడుగుట మొదలగునవి యొక్కొక్కటిగా లెక్కించి, ఇంత చేసితిని గదా, ఇక దయ చూడుమని కన్నడరాజ్యలక్ష్మిని వేడుకొనుట కానవచ్చును. కుళ్ళాయి యను మాటయు, ఆ కాలపు రాజోద్యోగులు తొడిగిన కబాయి యను మాటయు పారసీక, అరబ్బు భాషలనుండి వచ్చినవి. మాటలతోపాటు బట్టలును వచ్చినవి. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దమున వ్రాసిన చిత్రములలో పొడవైన కుళ్ళాయిలు ధరించి నిలిచిన పురుషులను నేటికిని చూడవచ్చును. తెలుగుదేశమున కవిసార్వభౌముడనిపించుకొన్నవాడు పరరాజ్యమున విద్య జూపుటకు ముందు బట్ట మార్చుకొనవలసి వచ్చెను. కోటివిద్యలు కూటికొఱకే యను సామెతకు ఇంతకన్న స్పష్టమైన వ్యాఖ్యానము వేఱొకటి యక్కఱలేదు.

ఈ పద్ధతి విద్యానగరముతో అంతరింపలేదు. తరువాతి సంస్థానములలో గాయకులకును వైణికులకును బహుమానమనగా ధనము మాత్రమే కాదు. శాలువ, సువర్ణకంకణము, పతకము. పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు మొదటను తీయించుకొన్న విద్వాంసుల ఛాయాచిత్రములను చూడుడు. అనేకుల ఱొమ్ములపై పతకములు వరుసగా వ్రేలాడుచుండును. మైసూరు ఆస్థానమున వీణ శేషన్న (1852–1926) వంటి మహావిద్వాంసులు దర్బారు మర్యాద ననుసరించి నిడుపాటి కోటును తలపాగయు ధరించిరి. ఆ పతకము విద్వాంసునికి గౌరవమే, సందేహము లేదు. కాని యది యిచ్చిన చేతిని గుఱుతుచేయు ముద్రయు నగును. ఈ కట్టుబాటు మన దేశమునకే ప్రత్యేకమైనది గాదు. ఆస్ట్రియా దేశమున హైడన్ అను మహావాగ్గేయకారుడు 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువు కొలువున జేరినపుడు వ్రాయించుకొన్న ఒడంబడికలో, ఆయనయు ఆయన క్రింది వాద్యగాండ్రును తెల్లని మేజోళ్ళు, తెల్లని బట్టలు తొడిగి, జుట్టునకు పొడి చల్లుకొని ప్రభువు నెదుట నిలువవలెనని షరతు కలదు. జుట్టును జడగా వేసికొనవలెనా, సంచిలో కట్టుకొనవలెనా యన్నంతవఱకు అందులో వ్రాసిరి. జీతము నిచ్చువాడు వేషమును గూడ నిచ్చుట నాటి లోకనీతి.

రాజు తొడుగుమన్న బట్టకంటె, తొడుగవద్దన్న బట్ట చరిత్రలో ఎక్కువ బాధాకరమైనది. దేవాలయమున పురుషులు ఉత్తరీయమును నడుమునకు బిగించి భగవంతుని సన్నిధిని నిలుచుట మనకు తెలిసిన యాచారము. అచట రాజును, పురోహితుడును, పాడువాడును సమానులే; అది వినయము. కాని యా వినయమునే ఊరేగింపులలోను, ధనవంతుల పెండ్లిండ్లలోను నాగస్వర విద్వాంసునిచేత మాత్రమే చేయించినపుడు దాని పేరు వినయము కాదు. తమిళదేశమున చాలకాలము నాగస్వరము వాయించువాడు భుజముపై కండువ వేసికొనుట పెద్దలయెడ అవిధేయతగా ఎన్నబడెను. అతని ముందు నడచు పెండ్లికొడుకు తలపాగ చుట్టుకొనవచ్చును, ప్రక్కను నడచు చుట్టములు కోట్లు తొడుగవచ్చును. మంగళవాద్యము వాయించువాని భుజము మాత్రము వట్టిగా ఉండవలెను. 1930 ప్రాంతమున చెట్టినాటిలో ఒక యూరేగింపున శివకొళుందు అను విద్వాంసుని భుజముమీది తుండును తీయుమని కొందఱు పట్టుపట్టగా, ఆత్మగౌరవోద్యమమునకు జెందిన పట్టుకోట అళగిరిసామి అడ్డుపడి, తీయవలదని యాతనికి ధైర్యము చెప్పెను. మూరెడు గుడ్డకై ఇంత తగవా యని నవ్వువారు ఆ గుడ్డ లేక నిలువవలసినవాని స్థానమున ఒక్క నిమిషము నిలిచి చూడవలెను.

ఆ తరువాత టి. ఎన్. రాజరత్నం పిళ్ళె (1898–1956) చేసినది సంగీతచరిత్రలో నొక ఘట్టము. తోడిరాగమునకు పేరువడిన యీ విద్వాంసుడు జుట్టు కత్తిరించుకొని, కోటును షేర్వాణియు తొడిగి సభలకు వచ్చెను. నాగస్వరమును నిలుచుండియో నడచుచునో వాయింపవలెనన్న కట్టుబాటును త్రోసివేసి, గాత్రవిద్వాంసులవలె వేదికపై కూర్చుండి వాయించెను. పైకి చూచువారికి ఇది విలాసముగా దోచియుండవచ్చును. ఆయన తొడిగినది ఆడంబరపు బట్టయే కావచ్చును. కాని తన తాతలకు నిషేధింపబడినదానిని తన యిష్టమున తొడుగుటలోని యర్థము ఆడంబరము గాదు.

ఇచట ఒక సంగతి స్పష్టపఱుపవలెను. కట్టుబాటు లన్నియు అన్యాయములు కావు. కొన్నింటిని వాద్యమే విధించును. మన గాయకుడు రెండుమూడు గంటలు బాసపట్టు వేసికొని కూర్చుండవలెను. పొత్తికడుపునుండి ఊపిరి తీయవలెను. అందుకు పంచెకట్టు ఒదిగినట్లు బిగుతైన లాగు ఒదుగదు. మనదేశపు ఫిడేలు విద్వాంసుడు వాద్యపు కొనను కాలి చీలమండపై నానించి వాయించును. కనుక కాళ్ళపై బట్ట వదులుగా నుండవలెను. మృదంగము వాయించువానికి మోచేతులు ఆడవలెను. వీణ వాయించు స్త్రీకి చేతినిండ గాజులున్నచో అవి దండికి తగిలి చప్పుడు చేయును. ఘటము వాయించు విద్వాంసుడు కుండ మూతిని తన పొట్టకు ఆనించి, దగ్గఱకు దూరమునకు జరుపుచు నాదమును మార్చును. చొక్కా అడ్డమైనచో ఆ నాదము రాదు. ఆతడు ఱొమ్ము విప్పి కూర్చుండుట విద్యకొఱకు. నాగస్వర విద్వాంసుని ఱొమ్ము విప్పించుట అధికారముకొఱకు. కంటికి రెండును ఒక్కతీరుననే కానవచ్చును. కాని యొకదానిని విడిచినచో విద్య చెడును. రెండవదానిని విడిచినచో ఒకరి పెత్తనము మాత్రమే చెడును. ఆచారములను పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి నాకు గానరాదు.

ఇక స్త్రీల సంగతి. ఇచట మన సంస్కారోద్యమమును గూడ ఆ గీటురాయిపై గీచి చూడక తప్పదు.

గోదావరీ కృష్ణా మండలములలో కలావంతుల మేళములు పెండ్లిండ్లకును జమీందారుల ఇండ్లకును వచ్చెడి కాలమున, క్షేత్రయ్య పదములను నోట నిలిపికొన్నవారు ఆ స్త్రీలే. మేళమున పాడునామె నిలుచుండి పాడుచు అభినయించును. మద్దెలవాడు మద్దెలను నడుమునకు గట్టుకొని ఆమె వెనుక నడచుచుండును. జరీచీర, వడ్డాణము, జడకు బంగారుపూలు, ఇవి యామె సభావేషము. ఇంటి ఆస్తియు, గురువుల ఆశీస్సును, పోషకుల కానుకయు, వృత్తి చిహ్నమును అన్నియు ఆ నగలలోనే యుండెను. కందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919) వివేకవర్ధనిలో ఈ మేళములను ఖండించిరి. 1893లో మదరాసు హిందూ సంఘసంస్కార సమాజమువారు, ఇట్టి మేళములున్న విందులకు పోవలదని గవర్నరునకును వైస్రాయికిని విన్నపము లంపిరి. వారిరువురును దాని నంగీకరింపలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి 1927లో మదరాసు శాసనసభలో దేవదాసీవిధానమును రూపుమాపుటకు తీర్మానము తెచ్చిరి, 1947లో చట్టమయ్యెను. బాలికలను ఆలయముల కర్పించి వారి జీవితములను తాకట్టు పెట్టుట ఆగవలసినదే. అందు వాదమునకు తావు లేదు. కాని యా వృత్తితోపాటు ఆ విద్యను, ఆ విద్యతోపాటు ఆ వేషమును, ఆ వేషము ధరించిన మనిషిని గూడ మన లోకము ఏవగించుకొనెను. ఆమె పాట కావలెను, ఆమె రాకూడదు. ఇది సంస్కారముయొక్క ఫలమే గాని, సంస్కర్తలు కోరిన ఫలమని చెప్పుటకు నోరురాదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) జీవితము ఈ స్థితికి ఉత్తమమైన సమాధానము. ఆమె ఆంధ్రసాహిత్యమున పండితురాలు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినది. సభలలో పాడి ఆర్జించిన ధనమును, ధరించిన నగలను తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిరమునకై వెచ్చించినది. అచటి ఆరాధనలో స్త్రీలకు పాడుటకు చోటు లేకపోగా, 1927 మొదలు స్త్రీలతో వేఱుగా ఆరాధన జరిపించినది. లోకము నిందించిన ఆ నగలే కావేరీతీరమున మందిరమై నిలిచినవి. వేదికపై ఆమె ఏమి ధరింపవలెనో చెప్పబోయినవారు, ఆమె తీసివేసిన నగలతో గట్టిన మందిరమున గూర్చుండియే నేటికిని త్యాగరాజకృతులను పాడుచున్నారు.

1927లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు సంగీతసభయు జరిగి, దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ స్థాపింపబడినది. టిక్కెట్టు కొని వినవచ్చు మధ్యతరగతి శ్రోతలు రాజుల స్థానమునకు వచ్చిరి. ఈ క్రొత్త ప్రభువు తాను వేషమును శాసించుచున్నట్లు ఎఱుగడు, అయినను శాసించెను. డి. కె. పట్టమ్మాళ్ (1919–2009) 1932లో మదరాసున రసికరంజనీసభలో పాడినపుడు, బ్రాహ్మణబాలిక బహిరంగముగా వేదిక నెక్కుట గొప్ప సాహసము. ఇంటిలో కట్టు కట్టుతో, ఇంటిలో పెట్టు బొట్టుతో ఆమె అచట కూర్చుండెను. చేతులు అభినయింపలేదు; రాగము, తానము, పల్లవి యని పురుషులకే విధింపబడిన కఠినమైన విద్యను ఆమె గొంతు చూపెను. ఆ సాదావేషము ఆమెకు కవచముగా బనిచేసినది. ఆ కవచము లేక ఆమె సభలోనికి వచ్చియుండలేదు. ఆమె రాకున్నచో ఎందఱో బాలికలు వచ్చియుండరు. ఈ లాభమును తక్కువగా ఎన్నరాదు.

కాని యా కవచమే క్రమముగా ప్రవేశపుటనుమతిచీటి యయ్యెను. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి (1916–2004) మధురలో వీణావాదిని షణ్ముఖవడివు కూతురై, దేవదాసీవంశమున బుట్టినది. 1940లో సదాశివముతో వివాహమైన తరువాత ఆమె లోకమునకు గోచరించిన రూపము మన కందఱికి తెలిసినదే: కంచిపట్టుచీర, తలలో మల్లెపూలు, రెండుప్రక్కల ముక్కుపుడకల రవ్వల మెఱపు, నొసట కుంకుమ. కంచిలో ముత్తుచెట్టియార్ ఆమెకై నేయించిన ముదురునీలి చీర రంగునకు ఆమె పేరే పెట్టి ఎం. ఎస్. నీలము అని పిలిచిరి. 1966లో ఐక్యరాజ్యసమితిలో పాడునపుడును ఆ కట్టు మాఱలేదు. 1968లో మ్యూజిక్ అకాడమీ వారి సంగీతకళానిధి బిరుదమును బొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ చీరకట్టులో సౌందర్యమున్నది, గాంభీర్యమున్నది. అయినను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆమె విద్యలో లేశమైనను లోపము లేదు గదా. అట్టి విద్యకు గూడ గృహిణీవేషమను సాక్ష్యపత్రము ఎందులకు కావలసివచ్చెను? పట్టమ్మాళ్ తనది యైన వేషముతో సభకు వచ్చెను. కలావంతుల యింటి స్త్రీ మాత్రము తనది కాని వేషమును నేర్చుకొనియే రావలసివచ్చెను. నేర్చుకొనలేనివారు, నేర్చుకొననొల్లనివారు ఎందఱో వెనుకబడిపోయిరి. వారి పాట వారితోనే పోయినది.

వేషమును లోకము విధించుటయు, తాను వరించుటయు ఎంత చిక్కుగా పెనవైచుకొని యుండునో కె. బి. సుందరాంబాళ్ (1908–1980) చరిత్ర చెప్పును. రంగస్థలమున ఆమెతో పాడి, ఆమెను పరిణయమైన కిట్టప్ప 1933లో మరణించెను. అప్పటికామెకు ఇరువదియైదేండ్లు. నగలు తీసివేసి, రంగుచీరలు మాని, తెల్లని ఖద్దరు కట్టినది. అది వైధవ్యాచారమే యని సంస్కారవాదులు నొచ్చుకొనవచ్చును. కాని యాచారము విధవను ఇంటిమూల గూర్చుండుమన్నది. ఆమె తెల్లచీరతోనే మరల వేదిక నెక్కినది. 1935లో చలనచిత్రమున నందనారు వేషమును, పురుషపాత్రమును, ఆమె ధరించినది. ఖద్దరు దేశభక్తుల చిహ్నమై యున్న రోజులవి. ఆ తెలుపులో దుఃఖమెంత, ఆచారమెంత, దేశాభిమానమెంత, స్వేచ్ఛ యెంత యని విడదీయుట మన తరము గాదు. ఆమె గొంతు విన్నవారికి విడదీయవలసిన పనియు లేకపోయెను.

మన తెలుగుదేశమున హరికథ యీ విషయమున కొంత యదృష్టముగలది. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన ఆ కళకు వేషము కథకుని కులమునుండి గాక కథనుండి పుట్టినది. కాలికి గజ్జె, చేతిలో చిరుతలు, మెడలో పూలదండ. గజ్జె తాళమునకు, చిరుతలు లయకు, దండ సభా మర్యాదకు. ఇందు పనిలేని వస్తువు లేదు. 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీతకళాశాలకు దాసుగారే మొదటి యధ్యక్షులు. స్త్రీలు హరికథ చెప్పుటకు వచ్చినపుడు చీర పట్టుచీరయైనను, అవే చిరుతలు, అదే దండ. వేషము వృత్తిధర్మమునుండి పుట్టినచో, స్త్రీపురుషభేదమును ఎంత సులభముగా దాటునో ఇచట గానవచ్చును.

తరువాతి కాలమున పురుషవిద్వాంసులకు స్వేచ్ఛ చాల వచ్చినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) రంగురంగుల పట్టుజుబ్బాలతో సభలకు వచ్చినపుడు, ఆయన సంప్రదాయమును వదలెనని బట్టను జూచి తీర్పు చెప్పినవారు తక్కువ. వాదములు ఆయన కల్పించిన రాగములను గూర్చియే జరిగినవి. స్త్రీలకు అంతటి సౌలభ్యము నేటికిని రాలేదు. తిరువనంతపురమున నవరాత్రిమంటపమున పురుషులు తెల్లని పంచె మాత్రము గట్టి, పైబట్ట లేక పాడుట ఆచారము. స్త్రీకి మాత్రము ఆ మంటపమున పాడుటకే తావు లేకుండెను. 2006లో పాఱశాల పొన్నమ్మాళ్ (1924–2021) అచట పాడిన మొదటి స్త్రీ యయ్యెను. అప్పటికామెకు ఎనుబది యేండ్లు దాటినవి. ఆమె కట్టుకొన్న చీరవలన నవరాత్రికి భంగము రాలేదు, మంటపము కూలలేదు.

ఈ చరిత్రనుండి ఇంటివారమైన మనము గ్రహింపవలసిన దేమి? మన యింటి బాలిక మొదటిసారి సభలో పాడబోవునపుడు ఇంటిల్లిపాదియు చీరయంచును గూర్చియు, అరువు తేవలసిన హారమును గూర్చియు నాలుగు దినములు ఆలోచింతుము. ఆ చీర బరువునకు ఆమె ఊపిరి ఆడునా, ఆ హారము తంబురకు తగులునా, ఆమె కది యిష్టమా యని ఎందఱము అడుగుచున్నాము? సంగీతసభల కార్యదర్శులును, శ్రోతలును గాయకురాలిని మెచ్చుకొనునపుడు మొదట ఆమె కట్టుబొట్టులను మెచ్చుకొనుట మర్యాద యనుకొందురు. పురుషవిద్వాంసునితో ఆ మాట అనుదురా? అనరు. ఆ మెచ్చుకోలులో పాతకాలపు ఆజ్ఞయొకటి దాగియున్నది.

కావున ఏదైన సభామర్యాద మనకు గోచరించినపుడు రెండు ప్రశ్నలు వేయుదము. ఇది లేకున్నచో విద్యకు లోటు కలుగునా? దీనిని అందఱికి సమానముగా విధించుచున్నామా, లేక కొందఱికి మాత్రమేనా? మొదటి ప్రశ్నకు కాదనియు, రెండవ దానికి కొందఱికే యనియు సమాధానము వచ్చినచో, అది మర్యాద గాదు, ఎవరిదో పెత్తనము. దానిని విద్వాంసులు విడిచినపుడు మనము నొచ్చుకొనక, వారి పక్షమున నిలువవలెను. పట్టుచీర గట్టదలచినామె పట్టుచీరయే గట్టుగాక. నూలుచీరతో వచ్చినామెను సభాద్వారమున ఎవరును ఎగాదిగ చూడకుందురు గాక. కలావంతుల యింట బుట్టి తన పూర్వుల నగలను ధరించి పాడవచ్చిన యువతి యున్నచో, ఆమెకు మొదటి వరుసలో మనము చోటుచేసికొని కూర్చుండవలెను. ఆమె పూర్వులయెడ మన పెద్దలు పడిన ఋణమున అది మొదటి వాయిదా మాత్రమే.